వరసలో ఎర్ర హెల్మెట్

పోయిన వారం చౌడేశ్వరిని మనం రాప్తాడు క్రాసులో, గంగక్క హోటలు ముందర, మొగుడి బండి మీది నుంచి దిగుతుండగా వదిలేసి వచ్చాం. ఆమె ఇంకా పూర్తిగా దిగలేదు. ఒక కాలు నేల మీద, ఇంకో కాలు పాలక్యాను మూత మీద ఉన్నాయి. కొత్త మెట్టె మూతకు తగిలి టంగుమనేసరికి, బల్లల మీద కూర్చుని టీ తాగుతున్న ఏడుగురు పాలవాళ్లూ ఒక్కసారే తలలెత్తారు. ఎత్తి, మళ్లీ దించుకున్నారు. ‘రాప్పా, కూర్చో’ అని ఒక్కరూ అనలేదు.

అనకపోవడానికి కారణం మల్లికార్జున తల మీద ఉంది. ఎర్రగా, బాగా పండిన టమోటా మాదిరి నిగనిగలాడుతూ ఉంది.

వంకపల్లి నుంచి అనంతపురానికి రోజూ తెల్లవారుజామున ఎనిమిది బండ్లు పాలు తీసుకుపోతాయి. ఒకదాని వెనక ఒకటి, చీమల బారు మాదిరి. దాన్ని వాళ్లు ‘వరస’ అంటారు. ముందర బండి ఎప్పుడూ బయ్యన్నదే. దారిలో గొర్రెల మంద అడ్డం వచ్చినా, లారీ ఆగి ఉన్నా, గుంత పడినా బయ్యన్న కేక వేస్తాడు. వెనకవాడు అందుకుంటాడు, వాడి వెనకవాడు అందుకుంటాడు. చివరి బండి దాకా కేక పోతుందంటారు, ఎనిమిది బండ్లూ నెమ్మదిస్తాయి. పదకొండేళ్లలో వరసలో ఒక్క బండి కూడా పడలేదు. ఎవరిదైనా చెడిపోతే మిగతావాళ్లు వాడి క్యాన్లు పంచుకుని మోస్తారు. వరసలో చోటు లేని పాలవాడికి దారిలో ఒక్క పంచరు పడితే చాలు, ఆ పూట పాలు విరిగినట్టే, వాడుకగా పోసే హోటలు చేజారినట్టే.

మల్లికార్జునది నాలుగో చోటు. బయ్యన్నకు తమ్ముడి కొడుకే. పది రోజుల కిందట సాయంత్రం ఊళ్లో పాలు పోగుచేసుకుని ఒంటరిగా వస్తూ కంకర మీద జారి పడ్డాడు. తల పోయి క్యాను అంచుకు తగిలింది. కనుబొమ్మ పైన నాలుగు కుట్లు. అప్పటికి పెళ్లయి సరిగ్గా రెండు వారాలు. మర్నాడే చౌడేశ్వరి అనంతపురం పోయి హెల్మెట్ కొనుక్కొచ్చింది. చెమటకు తల ఉడికిపోతుందని అతనంటే, తన పాత ఓణీ చింపి లోపల మెత్తగా అస్తరు కుట్టింది. కుట్లు విప్పించుకుని మళ్లీ పాలకు బయలుదేరిన రోజు అతను దాన్ని పెట్టుకున్నాడు. పెట్టుకున్నందుకే, నిన్న పొద్దున పెదనాయన అతన్ని వరసలోంచి తీసేశాడు.

అందుకు ఇంకో కారణం కూడా ఉంది. వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి హెల్మెట్ లేని ప్రతి బండినీ ఆపుతామని పోలీసులు చాటించారు. మా తలల మీద మీ పెత్తనమేందని పాలవాళ్లంతా మండిపడుతున్నారు. ఆ మంటలో మల్లికార్జున ఎర్ర హెల్మెట్ పెట్టుకుని రావడం వాళ్ల కంటికి వేరే పార్టీ జెండా కట్టుకుని వచ్చినట్టుంది.

ఈ పొద్దు అతను ఒక్కడే బయలుదేరబోతే చౌడేశ్వరి కొంగు బిగించి వెనకెక్కి కూర్చుంది. “వరస లేకపోతే పోనీ. నేనే నీ వరస” అంది. రెండు క్యాన్ల మధ్య ఇరుక్కుని, కాళ్లు ఎడమ క్యాను మూత మీద పెట్టుకుని, వరసకు యాభై గజాల వెనక, చలిగాలిలో, తెల్లవారే ఆకాశాన్ని చూసుకుంటూ ఆమె అనంతపురం పోయింది. ఇంత బాగుంటుందని ఎవరూ తనకు చెప్పలేదేమని దారంతా అనుకుంది. పోతూ పోతూ ఒక వింత కూడా చూసింది. అది గుర్తొచ్చినప్పుడల్లా ఆమెకు నవ్వొస్తోంది. నవ్వే సమయం కాదని పెదవి కొరుక్కుంటోంది.

ఇదీ సంగతి. పాలు పోసి తిరిగి వస్తూ ఇద్దరూ హోటలు దగ్గర ఆగారు. ఇప్పుడామె రెండో కాలు కూడా కిందపెట్టింది.

“ఏమ్మా చౌడమ్మా, చలికి కొంగు కప్పుకోరాదా. ముక్కు చూడు, ఎట్ల ఎర్రబడిందో!” గంగక్క ఒక్కతే పలకరించింది. రెండు గ్లాసులు నింపి ఇచ్చింది. ఆమెది హోటలు, ఎవరి వరసతోనూ ఆమెకు పని లేదు.

మల్లికార్జున హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నాడు. తీయగానే జుట్టు కోడిజుట్టు మాదిరి పైకి లేచింది. చౌడేశ్వరి చెయ్యి దాన్ని సర్దడానికి దానంతటదే లేచింది. అంతమంది ముందర అని గుర్తొచ్చి మళ్లీ దిగింది.

“రేయ్ మల్లీ,” బల్ల చివర నుంచి తిమ్మన్న అందుకున్నాడు. వరసలో చివరి బండి అతనిది, నోరు మాత్రం అందరికన్నా ముందుంటుంది. “లోపల ఓణీ కుట్టినారంట కదా! చూపీప్పా రవంత. రంగేంది, పసుప్పచ్చా, చిలకాకు పచ్చా?”

బల్లలన్నీ నవ్వాయి.

“చిలకాకు పచ్చే తిమ్మన్నా,” చౌడేశ్వరే జవాబిచ్చింది. “ఇంకా రవంత గుడ్డ మిగిలింది. నీకూ కుడతా, హెల్మెట్ తెచ్చుకో.”

ఈసారి బల్లలు ఇంకా గట్టిగా నవ్వాయి, కానీ తిమ్మన్న వైపు తిరిగి. అతను కూడా నవ్వేశాడు. నవ్వి వదిలిపెట్టాడా అంటే, లేదు. “అయితే నీ తలకేదమ్మా? మొగునికి ఇనుప గుండు తెచ్చి, నువ్వు ఉత్త తలతో వెనక కూర్చోని వస్తివి!”

ఆ మాట సూటిగా తగిలింది. చౌడేశ్వరి చెంపలు వేడెక్కాయి. “అది నా తప్పే అన్నా. రెండోది తెచ్చుకునే దాకా నువ్వు తిట్టొచ్చు” అంది.

బయ్యన్న బల్ల మీది నుంచి ఇదంతా చూస్తున్నాడు. అరవై దాటిన మనిషి. చెవుల మీదుగా గడ్డం కిందికి తువ్వాలు బిగించి కట్టుకున్నాడు. టీ గ్లాసు కింద పెట్టి గొంతు సవరించుకున్నాడు. ఆ గొంతు ఎప్పుడూ బొంగురే. రోజూ పొద్దున అరిచి అరిచి అట్ల అయిందని ఊరంతా చెప్పుకుంటుంది. ఆయన పెండ్లాం సుబ్బరత్నమ్మ దినామూ లేవగానే మిరియాల కషాయం కాచిస్తుంది.

“మల్లికార్జునా,” అన్నాడు బయ్యన్న. పూర్తి పేరుతో పిలిచాడంటే చుట్టరికం పక్కన పెట్టినట్టే. “నిన్న ఒక దినం టైమిస్తి. ఈ పొద్దు తేల్చు. ఆ గుండు కావల్నా, నాలుగో చోటు కావల్నా? నీకొద్దంటే ఆ చోటు ఇంగొకరికిస్తా. అడిగేటోళ్లు ఉండారు.”

మల్లికార్జున టీ గ్లాసు పక్కన పెట్టాడు. అతను పెదనాయనకు ఎదురు చెప్పి ఎరగడు. బండి నేర్పింది ఆయనే, పడిన రోజు వెనక సీట్లో పట్టుకుని కూర్చుని ఆసుపత్రికి చేర్పించింది కూడా ఆయనే. అతను చంకలోని హెల్మెట్‌ను చూసుకున్నాడు. తర్వాత చౌడేశ్వరిని చూశాడు.

ఆ చూపులో ఏముందో చౌడేశ్వరికి అర్థమైంది. ‘నువ్వు ఊ అంటే తీసేస్తా. నీకు కోపం రాకుంటే చాలు’ అని ఉంది. అది చూడగానే ఆమెకు ఎక్కడలేని జాలి, దాని వెనకే ఎక్కడలేని ధైర్యం వచ్చాయి. ఇరవై నాలుగు రోజుల కోడలు, ఊరి మగవాళ్ల ముందర, పెద్దమామతో మాట్లాడవచ్చునా అని ఒక్క క్షణం అనుకుంది. అనుకోవడం అయ్యేలోపే మాట బయటికి వచ్చేసింది.

“మామా, ఒక మాట అడగొచ్చునా?”

బయ్యన్న తల తిప్పాడు. “అడుగు. బీయే చదివిన కోడలివి, అడక్కుండ ఉంటావా?”

“ఒకటో తారీఖు నుంచి హెల్మెట్ పెట్టుకోమని పోలీసోళ్లు అన్నారు. దానికి మీరేమన్నారు?”

“ఏమంటా! నా తల, నా బండి, నా ఇష్టం అన్నా. పగిలితే నాది పగులుతాది. వాళ్ల తాత సొమ్మా?”

“అయితే ఈయన తల ఎవరిది మామా?”

చౌడేశ్వరి మల్లికార్జున నుదుటి కుట్ల వైపు వేలు చూపించింది.

“పోలీసోళ్లు పెట్టుకోమంటే మీ తల మీ ఇష్టం. బాగుంది. ఈయన పెట్టుకుంటానంటే ఈయన తల ఈయన ఇష్టం కాదా? వాళ్లు పెట్టుకోకుంటే ఊరుకోం అంటారు, మీరు పెట్టుకుంటే ఊరుకోం అంటారు. నడమధ్యలో తల మోసేటోడు ఏం కావల్ల?”

“ఓయబ్బ!” అన్నాడు తిమ్మన్న, తనకు తెలియకుండానే.

“నువ్వు గమ్మునుండు!” బయ్యన్న అతన్ని కసిరాడు. కానీ కోపంలో కూడా న్యాయం తప్పే మనిషి కాదాయన. గడ్డం గోక్కున్నాడు. మాట్లాడినప్పుడు గొంతు మెత్తబడింది, మాట మెత్తబడలేదు.

“మంచి మాటే అడిగినావు కోడలా. జవాబు చెప్తా, విను. ఒంటరిగా పోయేటప్పుడు వాని తల వాని ఇష్టం. దాని మీద గుండు పెట్టుకోనీ, గుమ్మడికాయ పెట్టుకోనీ, నేనడగను. వరసలోకి వచ్చినాక వాని చెవులు మాత్రం వానివి కావు, వాని వెనకాల వచ్చే నలుగురివి. నేను కేకేస్తే వాడు వినల్ల, విని వెనకోనికి అందియ్యల్ల. ఆ గుండులో దూరినోనికి ఏం వినబడతాది? కేక నాలుగో చోట తెగిపోతే ఐదోవాడు పోయి గొర్రెల్లో పడతాడు. అప్పుడు పగిలేది ఎవని తల?”

చౌడేశ్వరి ఆ మాటను తూచి చూసింది. అది మొండి మాట కాదు, నిజంగానే ఎదుటివాళ్ల ప్రాణం గురించిన మాట. ఆయన కూడా ఒక చట్టం పెట్టుకున్నాడు. పోలీసుల చట్టం కాగితం మీద ఉంటే, ఆయన చట్టం పదకొండేళ్ల రోడ్డు మీద ఉంది.

కానీ పొద్దున తను చూసిన వింత ఉంది కదా! అది మళ్లీ కళ్ల ముందుకొచ్చింది. పెదవి కొరుక్కున్నా ఈసారి నవ్వు ఆగలేదు.

“ఎందుకు నవ్వుతావు?” బయ్యన్న కనుబొమ్మలు దగ్గరకొచ్చాయి.

“పరీక్ష పెట్టండి మామా,” అంది చౌడేశ్వరి. “ఇప్పుడే, ఇక్కడే. ఈయన హెల్మెట్ పెట్టుకుని నాలుగో చోట వస్తాడు. మీరు ఎప్పటి మాదిరే ముందు పోయి కేకెయ్యండి. ఈయన నెమ్మదించకపోతే హెల్మెట్ నేనే గంగక్కకు ఇచ్చేస్తా, చింతపండు పోసుకుంటాది.”

“చింతపండుకెందుకమ్మా, కోడిని పొదగేస్తా,” అంది గంగక్క.

“నెమ్మదిస్తే?” అన్నాడు బయ్యన్న.

“నెమ్మదిస్తే నాలుగో చోటు ఈయనదే. హెల్మెట్‌తోనే.”

మల్లికార్జున దగ్గరికొచ్చి ఆమె చెవి దగ్గర గొణిగాడు. “ఏమ్మే, నిజంగానే నాకు సరిగ్గా వినబడదు. నువ్వెందుకు పందెం కడతాండావు?”

“నువ్వు రోజూ పోయినట్టే పో. ఇంకేం చెయ్యొద్దు,” అంది ఆమె. అతని కళ్లలో బెదురు చూసి, ఎవరూ చూడకుండా చిటికెనవేలు పట్టుకుని వదిలింది. అంతే, ఎక్కడ లేని బలంతో అతను ఎర్ర హెల్మెట్ తలకు తగిలించాడు.

హైవే వెడల్పు చేసినప్పుడు ఒక ముక్క పాతరోడ్డు పక్కన అట్లే మిగిలిపోయింది. గొర్రెలు, ఆరబోసిన శనక్కాయలు తప్ప దాని మీద ఎవరూ తిరగరు. ఎనిమిది బండ్లూ దాని మీదికి చేరాయి. పొద్దు బారెడెక్కినా చలి తగ్గలేదు. ఏడుగురూ తువ్వాళ్లు, మఫ్లర్లు చెవుల మీదుగా బిగించుకున్నారు. క్యాన్లు ఖాళీ కావడంతో ఒకదానికొకటి తగిలి గడగడమంటున్నాయి. బయ్యన్న తన పాత రాజ్‌దూత్ బండిని తన్ని స్టార్ట్ చేశాడు. దాని చప్పుడుకు పక్కనున్న కానుగ చెట్టు మీది కాకులన్నీ లేచిపోయాయి.

చౌడేశ్వరీ గంగక్కా రోడ్డు పక్కన గట్టెక్కి నిలబడ్డారు. పాలవాళ్లకు పోటీ ఏదో జరుగుతోందని బస్సు కోసం నిలబడిన నలుగురైదుగురు కూడా వచ్చి చేరారు.

వరస కదిలింది. ఎర్ర హెల్మెట్ సరిగ్గా నడిమధ్యన, తెల్ల తువ్వాళ్ల మధ్య మిరపపండు మాదిరి కనబడుతోంది. కొంత దూరం పోయాక, ఎవరూ ఊహించని చోట, బయ్యన్న మెడ సాచి కేక వేశాడు. రెండో బండి నెమ్మదించింది. మూడోది. నాలుగోది... ఎర్ర హెల్మెట్ ముందుకు ఒరిగింది, బ్రేకు పడింది, క్యాన్లు గడగడమన్నాయి. ఐదు, ఆరు, ఏడు. చివర తిమ్మన్న బండి. ఎనిమిదీ దారం మీద పూసల మాదిరి సమంగా ఆగాయి.

గట్టు మీది జనం చప్పట్లు కొట్టారు. చౌడేశ్వరి రెండు చేతులూ పైకెత్తి ఎగరబోయి, తాను కోడలినని గుర్తొచ్చి, ఒక్క చేత్తో సరిపెట్టుకుంది.

బయ్యన్న బండి తిప్పుకుని నేరుగా మల్లికార్జున దగ్గరికి వచ్చాడు. “వినబడిందా రా?”

అబద్ధం చెప్పి ఉంటే కథ అక్కడితో సుఖంగా అయిపోయేది. కానీ చౌడేశ్వరి కట్టుకున్న మనిషి అట్లాంటివాడు కాదు. హెల్మెట్ తీసి, పెదనాయన మొహంలోకి చూసి చెప్పాడు. “వినబడలే పెదనాయనా. ముందరోడు ఆగినాడు, నేను ఆగినాను.”

“చూస్తిరా!” బయ్యన్న అందరి వైపూ తిరిగాడు. “వాడే చెప్తాండాడు. ఈ పొద్దు ఏదో అదృష్టానికి ఆగినాడు. రేపు పొగమంచులో? పందెం నేనే గెలిచినా.”

“అట్లెట్ల అన్నా, ఆగినాడు కదా!” అన్నాడొకడు. “వినబడలేదంటాండాడు కదప్పా!” అన్నాడు ఇంకొకడు. నిమిషంలో ఎనిమిది బండ్ల చుట్టూ ఎనిమిది వాదాలు లేచాయి.

చౌడేశ్వరి గట్టు దిగి వచ్చింది. కోపం రాలేదామెకు. ఆ మనిషి నిజం చెప్పిన తీరుకు గుండె పొంగి, కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. వాటిని కొంగుతో అద్దుకుని గట్టిగా అడిగింది.

“మీలో ఎవరికి వినబడిందన్నా? తిమ్మన్నా, నీకు వినబడిందా?”

“నాకెందుకు వినబడదు? పదకొండేండ్లుగా...” అని మొదలుపెట్టిన తిమ్మన్న మధ్యలో ఆగాడు. తువ్వాలు మీద చెయ్యి వేసుకున్నాడు. “అంటే... ముందరోడు నెమ్మదించె. నేను నెమ్మదిస్తి.”

ఐదోవాడు తిప్పయ్య తన మఫ్లరు తడుముకున్నాడు. ఆరోవాడు చెప్పుల వైపు చూసుకున్నాడు.

“మీరెవరూ వినడం లేదు,” అంది చౌడేశ్వరి. “చూస్తాండారు. పొద్దున మీ వెనకాల వస్తా వస్తా నేను చూసినా. గొర్రెలు అడ్డం వచ్చినప్పుడు మామ కేకేసినాడో లేదో నాకు తెలీదు కానీ, ఆయన ఎడమ కాలు బయటికొచ్చింది. వెంటనే రెండోవాళ్ల కాలు. ఆ వెనక మూడోవాళ్లది. ఒకరి తర్వాత ఒకరిది, ఏడు కాళ్లు! బాతులు నీళ్లలో దిగబోయినట్టు. ఆ వెనకాలే బ్రేకులు పడినాయి. ఇప్పుడూ అంతే, ఈ గట్టు మీది నుంచి చూసినా. ఈయన కూడా చాపినాడు.”

“కాలా?” బయ్యన్న తన ఎడమ కాలి వైపు, అది ఎవరిదో అన్నట్టు చూశాడు. “నేనెప్పుడు కాలు చాపినా?”

“ఓయప్పా, నాకు తెలీదా!” గట్టు మీది నుంచి గంగక్క అరిచింది. “ఇన్నేండ్లుగా చూస్తానే ఉండా. హోటలు కాడికి వచ్చేటప్పుడు అందరూ కాళ్లు సాపుకుంటా వస్తారు. చలికి తిమ్మిరెక్కుతాదేమో పాపం అనుకుంటి!”

నవ్వులు పగలబడ్డాయి. బయ్యన్న మాత్రం నవ్వలేదు. ఆయన మొహం గంటుపెట్టుకున్నాడు. “మళ్లీ పోదాం,” అన్నాడు. “ఈ తూరి కాళ్లు రెండూ బండి మీదనే ఉంటాయి. కేక ఒకటే. అప్పుడు తెలుస్తాది.”

“ఒక్క మాట మామా. ముందే పక్కకు జరిగి అరవండి. ఆగకుండా వచ్చి ఎవరైనా మీ మీద పడితే సుబ్బరత్నమ్మత్తకు నేను జవాబు చెప్పలేను.”

వరస రెండోసారి కదిలింది. బయ్యన్న ముందు పోతూ పోతూ, కాళ్లు రెండూ బిగబట్టుకుని, బండి రోడ్డు అంచుకు జరిపి అరిచాడు. ఏం అరుపది! మెడనరాలు తాళ్ల మాదిరి ఉబ్బాయి. గట్టు మీదివాళ్లు ఉలిక్కిపడ్డారు. దూరంగా హోటలు అరుగు మీద పడుకున్న కుక్క లేచి నిలబడింది.

రెండో బండి ఆయన్ని దాటిపోయింది. మూడోది దాటిపోయింది. ఎర్ర హెల్మెట్ దాటిపోయింది. తువ్వాళ్ల తలలు, మఫ్లర్ల తలలు అన్నీ గడగడమంటూ, ఎంతో నిదానంగా, ఆయన పక్కనుంచే దాటిపోయాయి. ఎవరి బండీ రవంత కూడా నెమ్మదించలేదు. చివర్లో తిమ్మన్న ఆయన వైపు చూసి, పెద్దాయన ఎందుకో నోరు తెరిచి నిలబడినాడే అని, మర్యాదగా చెయ్యి కూడా ఊపిపోయాడు.

బస్సు కోసం వచ్చిన జనంలో ఒకాయన నవ్వలేక కూలబడిపోయాడు. గంగక్క కొంగు నోట్లో కుక్కుకుంది.

ఏడుగురూ తిరిగి వచ్చేసరికి బయ్యన్న బండికి స్టాండు వేసి నిలబడి ఉన్నాడు. ఆయన గడ్డం కింద ముడి విప్పి, చెవుల మీది తువ్వాలు మెల్లగా తీశాడు. దాన్ని చూశాడు. ఎడమ కాలు చూసుకున్నాడు. చౌడేశ్వరికి ఉన్నట్టుండి భయం వేసింది. పదకొండేళ్ల నమ్మకాన్ని నలుగురిలో నవ్వులపాలు చేశానా అనుకుంది.

“పదకొండేండ్లు,” అన్నాడు బయ్యన్న బొంగురుగా. “పదకొండేండ్లు అరిచి గొంతు పోగొట్టుకుంటి కదరా. ఆ పాడు మిరియాల కషాయం, ఎన్ని కుండలు తాగినానో! అంతా దండగేనా?”

అప్పుడు నవ్వాడాయన. ముందు భుజాలు కదిలాయి, తర్వాత పొట్ట కదిలింది, తర్వాత ఆ బొంగురు గొంతులోంచి నవ్వు దొర్లుకుంటూ బయటికొచ్చింది. అది చూసి వరసంతా విరగబడి నవ్వింది. తిమ్మన్న క్యాను మూత తీసుకుని డప్పు మాదిరి వాయించాడు.

“విను మల్లీ,” అన్నాడు బయ్యన్న కళ్లు తుడుచుకుంటూ. ఈసారి మల్లీ అన్నాడు! “నాలుగో చోటు నీది. తల నీ ఇష్టం. గుండు పెట్టుకో, ఓణీ పెట్టుకో, మాకేం అడ్డం లేదు. అందరూ వినండప్పా! రేపటి నుంచి కేక లేదు. కాలు చాపేది చట్టం. చీకట్లో కూడా కనబడేటట్టు ఎడమ కాలికి తెల్లగుడ్డ కట్టుకోవల్ల. కట్టుకోనోనికి...” ఆయన చౌడేశ్వరి వైపు చూసి ఆగాడు. “కట్టుకోనోనికి చోటు లేదంటే, వాని కాలు వాని ఇష్టం అంటావేమో?”

“అనను మామా. ఆ కాలు వెనకోళ్లది,” అంది చౌడేశ్వరి.

మల్లికార్జున హెల్మెట్ నెత్తిన పెట్టుకుని, తీసి, మళ్లీ పెట్టుకున్నాడు. అంత సంతోషంలో చేతులేం చెయ్యాలో అతనికి తెలియలేదు. గంగక్క అందరికీ ఇంకో విడత టీ పోసింది, ఈసారి అల్లం దంచి వేసింది. లేత ఎండ, పొగలు కక్కే గ్లాసు, పక్కన నిలబడిన మనిషి భుజం తన భుజానికి ఆనీ ఆనకుండా ఆనుతుండటం... ఇంతకన్నా ఏం కావాలి ఒక పొద్దుకు అనుకుంది చౌడేశ్వరి. పరీక్షల్లో ఫస్టు క్లాసు వచ్చినప్పుడు కూడా ఆమెకు ఇంత గొప్పగా అనిపించలేదు.

సరిగ్గా అప్పుడు బయ్యన్న బల్ల మీద తన పక్కన చోటు చూపించాడు.

“ఇట్ల కూర్చో కోడలా.”

పెద్దమామ పక్కన సమంగా కూర్చోమనడమే! ఆమె జంకుతూ అంచున కూర్చుంది.

“ఇందాక నా ముందర నిలబడి ఒక మాటన్నావు. ఈయన తల ఈయన ఇష్టం అంటివి. నాకు ఆ మాట చానా నచ్చింది,” అన్నాడు బయ్యన్న. కళ్లలో ఏదో కొంటెతనం మెరిసింది. “సోమవారం పొద్దున పదింటికి అనంతపురంలో మీటింగుండాది. హెల్మెట్ సంగతి మాట్లాడేదానికి పెద్దాఫీసరు పిలిపించినాడు. ఈ చుట్టుపక్కల పాలబండ్లోళ్లందరి తరఫున ఒక్కరే మాట్లాడల్లంట. ఇంతవరకూ నేను మాట్లాడదామనుకున్యా. ఇప్పుడు చెప్తాండా, నువ్వు మాట్లాడు. అదే మాట చెప్పు. ఎవరి తల వాళ్ల ఇష్టమని. నువ్వు చెప్పినట్టు నేను చెప్పలేను.”

“ఔను! ఔను!” అన్నారు అందరూ ఒక్క గొంతుతో. “మాయమ్మే మాట్లాడల్ల!”

చౌడేశ్వరి చేతిలో గ్లాసు అట్లే ఆగిపోయింది.

గెలిచిన మాటే వచ్చి తన ఎదుట నిలబడింది. ఈయన తల ఈయన ఇష్టమని అన్నది నిజమే. కానీ పది రోజుల కిందట ఆ తల పగిలినప్పుడు, ఆసుపత్రి వరండాలో నాలుగు కుట్లూ పడేంతవరకు ఒక్కో కుట్టునూ తన ఒంటి మీద లెక్కపెట్టుకుంది ఎవరు? ఆ రోజుల్లో అతని క్యాన్లు పంచుకుని మోసింది ఈ ఏడుగురే కదా? ఆ తల అతనొక్కడిదే అయితే, తను అంత పరుగున అనంతపురం పోయి హెల్మెట్ ఎందుకు తెచ్చినట్టు? ఇష్టం అంటే సరేనా, చట్టం ఉండాలా? బీయేలో ఎన్నో ప్రశ్నలకు జవాబులు రాసింది కానీ, ఇంత కష్టమైన ప్రశ్న ఏ పేపరులోనూ రాలేదు.

“ఏందమ్మా ఆలోచన?” అన్నాడు బయ్యన్న. “చూడు, ఇది ఆట కాదు. నువ్వు చెప్పేదాన్ని బట్టి ఆఫీసరు నిర్ణయం చేస్తాడు. ఆయన నిర్ణయాన్ని బట్టి మంగళవారమే ఒకటో తారీఖు, ఆ పొద్దు టౌనుకు పాలు పోతాయా, బండ్లన్నీ ఆగిపోతాయా తేలుతాది. రెండు వందల బండ్లు నీ నోటి మీద ఉంటాయి. వస్తావా, రావా?”

చౌడేశ్వరి మల్లికార్జున వైపు చూసింది. ఇందాక అతను ఆమె వైపు చూసినట్టు కాదు. వద్దనమని అడగలేదు, ఊ అనమని అడగలేదు. అతను హెల్మెట్ చంకలో పెట్టుకుని, ఆమె ఏమంటుందోనని, అందరికన్నా ఎక్కువ ఆత్రంగా చూస్తున్నాడు.

ఆమె గ్లాసు బల్ల మీద పెట్టి లేచి నిలబడింది.

“వస్తా మామా. తప్పకుండా వస్తా. అయితే ఏం మాట్లాడల్లో మీరు చెప్పకూడదు. మాట్లాడేది నేనైతే, ఆ మాట నా ఇష్టం. అది మీకు చేదుగా ఉన్నా సరే, ఆఫీసరుకు చేదుగా ఉన్నా సరే.”

బయ్యన్న ఆమెను ఎగాదిగా చూశాడు. పాలవాళ్ల చూపులు ఆయన మొహం మీదికీ ఆమె మొహం మీదికీ మారుతున్నాయి.

“పదింటికి మీటింగు,” అన్నాడాయన చివరికి. “తొమ్మిదికే బయలుదేరల్ల.”